ఆ గోల్‌కి నేను లేచి చప్పట్లు కొట్టాను, మా అమ్మాయి కొట్టలేదు

ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న పట్నం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. చేత్తో రాసి, ఫోటోలు తీసి పంపారు. ఎనిమిది పేజీలు. ఊరి పేరు, క్లబ్ పేరు, ఆటగాడి పేరు అన్నీ రాశారు గానీ ఇక్కడ ఏదీ ఇవ్వడం లేదు. సారాంశం ఇది.

ఆయనది నిజామాబాద్ జిల్లా, వయసు 44. పదకొండేళ్ల కింద ఉద్యోగం మీద ఆ ఊరు చేరారు. మొదటి చలికాలం, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో, ఇల్లూ ఆఫీసూ తప్ప మరో మనిషి మొహం తెలియకుండా ఉన్నప్పుడు పక్కింటి పెద్దాయన ఒక శనివారం తలుపు తట్టి ‘మ్యాచ్‌కి వస్తావా’ అని అడిగారట. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో మెట్టైన లీగ్ టూలో ఆడే చిన్న క్లబ్ అది. స్టేడియంలో నాలుగైదు వేల మంది ఉంటే ఎక్కువ. ఆ రోజు మొదలు ఇద్దరివీ పక్కపక్క సీట్లే. పాపకు ఆరేళ్లు వచ్చాక ఆమె సీటు ఇద్దరి మధ్యకు చేరింది. పెద్దాయన ఫ్లాస్కు మూతలో పోసిచ్చే టీ ముగ్గురూ పంచుకునేవాళ్లు. ‘ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను, మనసులో మాత్రం బాబాయే’ అని రాశారు. 2024 ఆగస్టులో ఇంగ్లండ్ ఊళ్లలో వలస వచ్చినవాళ్ల మీద అల్లర్లు జరిగినప్పుడు ఆ పెద్దాయన మూడు రాత్రులు కుర్చీ తెచ్చుకుని వీళ్ల గుమ్మం ముందు కూర్చున్నారట.

ఈ జనవరిలో క్లబ్ ఒక స్ట్రైకర్‌ని, అంటే ముందు వరసలో గోల్స్ కొట్టే ఆటగాణ్ని, తీసుకుంది. కలిసి బతుకుతున్న ఆవిడను దవడ ఎముక విరిగేలా కొట్టినందుకు కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. జైలుకెళ్లి వచ్చాడు. క్లబ్ అప్పటికి పట్టికలో అడుగున ఉంది, కింది మెట్టైన నేషనల్ లీగ్‌కి దిగజారే భయం. ‘అందరికీ రెండో అవకాశం ఉండాలి’ అని క్లబ్ ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంది. ఆ రోజు నుంచి స్టాండ్ రెండుగా చీలింది. అతను బంతి అందుకున్నప్పుడల్లా కొందరు వెనక్కి తిరిగి నిలబడుతున్నారు, కొందరు అతని పేరు మీద పాట కట్టి పాడుతున్నారు. నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపు రెండు గ్రూపులైంది. రెండు పక్షాల వాళ్లూ సంతకాల కాగితం తెచ్చి ఈయన చేతికే ఇచ్చారు. రెండూ ఇంట్లో సొరుగులో ఉన్నాయి.

మొదటి హోమ్ మ్యాచ్‌లో 88వ నిమిషంలో అతనే గోల్ కొట్టాడు. స్టాండంతా లేచింది, ఈయనా లేచారు. కూర్చోబోతూ పక్కకు చూస్తే పాప కూర్చునే ఉంది, చేతులు జాకెట్ లోపలికి లాక్కుని. కారులో ఇంటికొస్తుంటే అడిగిందట: ‘నాన్నా, నువ్వు ఎవరికి చప్పట్లు కొట్టావ్?’ ఈయన ‘గోల్‌కి’ అన్నారు. పాప ఇంక మాట్లాడలేదు. మర్నాడు తన జెర్సీ మడతపెట్టి తండ్రి మంచం మీద పెట్టింది. ఆ తర్వాత ఐదు హోమ్ మ్యాచ్‌లకు రాలేదు. పాప వయసు 13. ఆ క్లబ్ అమ్మాయిల జట్టులోనే ఆడుతుంది.

పెద్దాయన మాట వేరు: ‘శిక్ష అనుభవించాడు కదా, ఇంకా ఎన్నాళ్లు?’ ఆయన కొడుకు కుర్రతనంలో ఒక కొట్లాట కేసులో జైలుకెళ్లి వచ్చి ఏళ్ల తరబడి పని దొరక్క తిరిగాడు, చివరికి లారీ డ్రైవరయ్యాడు. ఒక రోజు మాటా మాటా పెరిగి ‘మీ పిల్లకు ఎవరో నూరిపోశారు’ అన్నారట. అప్పటి నుంచి ఇద్దరూ మధ్యలో ఖాళీ సీటు పెట్టుకుని, మాట్లాడుకోకుండా మ్యాచ్ చూసి వస్తున్నారు. ‘వాడెవడో, మనమెవరం, ఆట కోసం ఇంట్లో రచ్చ దేనికి’ అంటుంది భార్య. వచ్చే ఏడాది సీజన్ టికెట్‌కి ఈ నెలాఖరులోగా డబ్బు కట్టాలి. ‘క్లబ్‌ని వదలాలా, పాపకు నచ్చజెప్పాలా, బాబాయిని పోగొట్టుకోవాలా? ఒక దారి చెప్పండి.’

ఉత్తరం అక్కడితో ముగిసింది. ఇక నేను మీతోనే మాట్లాడతాను.

ముందు ఆ చప్పట్ల సంగతి. 88వ నిమిషంలో, దిగజారిపోతున్న జట్టుకు గోల్ పడితే ఒళ్లు దానంతటదే లేస్తుంది. పదేళ్లుగా అక్కడ చలిలో కూర్చున్న మనిషికి అది సహజం. ఆ క్షణానికి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. కానీ మీ అమ్మాయి అడిగిన ప్రశ్న అసలైన ప్రశ్న. దానికి మీరిచ్చిన జవాబు సరిపోదని మీకూ తెలుసు, తెలియబట్టే ఎనిమిది పేజీలు రాశారు.

మీ పెద్దాయన మాటలో న్యాయం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసేయను. జైలు నుంచి వచ్చినవాడికి పని లేకపోతే వాడు మళ్లీ ఎక్కడికి పోతాడో ఆయన కన్నకొడుకు విషయంలో చూశారు. మీరుండే దేశంలో 1974 నుంచీ ఒక చట్టం ఉంది: నిర్ణీత కాలం గడిచాక చాలా శిక్షలు చెల్లిపోయినట్టే లెక్క, మామూలు ఉద్యోగాల్లో వాటి గురించి చెప్పుకోనక్కర్లేదు. మనిషి ఒక తప్పు కింద జీవితాంతం నలిగిపోకూడదన్న ఆలోచన అది. ఫుట్‌బాల్‌లోనూ ఇది కొత్త కాదు. వెస్ట్ బ్రామ్ క్లబ్‌కి ఆడిన లీ హ్యూస్ 2003లో కారు ప్రమాదం చేసి ఒక మనిషి చావుకి కారణమయ్యాడు, అక్కడి నుంచి పారిపోయి ఒకటిన్నర రోజు తర్వాత లొంగిపోయాడు. ఆరేళ్ల శిక్ష పడింది. 2007లో విడుదలైన వెంటనే ఓల్డమ్ క్లబ్ తీసుకుంది, తర్వాత నాట్స్ కౌంటీ క్లబ్‌కి గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. ప్లిమత్ గోల్‌కీపర్ లూక్ మెకార్మిక్ 2008లో తాగి కారు నడిపి ఇద్దరు చిన్నపిల్లల ప్రాణాలు తీశాడు. ఏడేళ్ల నాలుగు నెలల శిక్ష పడింది, 2012లో బయటికొచ్చాడు, మరుసటి ఏడాది మళ్లీ ప్లిమత్‌కే ఆడాడు. రెండు చోట్లా అభిమానులు చీలిపోయారు, రెండు చోట్లా చివరికి ఆట సాగిపోయింది. ఆ పిల్లల తల్లిదండ్రులకు మాత్రం ఏదీ సాగిపోలేదు.

అందుకే పెద్దాయన వాదనలో కలిసిపోయిన రెండు విషయాలను విడదీయమంటాను. ఆయన కొడుకు లారీ నడుపుతున్నాడు. నెల జీతం తెచ్చుకుంటున్నాడు, సంతోషం. కానీ అతను లారీ దిగితే నాలుగు వేల మంది లేచి అతని పేరు పాడరు. పిల్లలు అతని పేరున్న చొక్కా వేసుకోరు. ఫుట్‌బాల్ ఆటగాడి బతుకుతెరువులో జీతం ఒక వంతైతే, మెప్పు ఇంకో వంతు. పని చేసుకునే హక్కు అతనికుంది. మీ మెప్పు మీద హక్కు లేదు, దాన్ని ఇవ్వాలో లేదో మీ ఇష్టం. క్లబ్ అతనికి ఉద్యోగం ఇచ్చింది గనక మీరు పాట పాడి తీరాలన్న రూలేమీ లేదు. ఇంకో సంగతి: ఇంగ్లండ్ లీగుల్లో క్లబ్ యజమానులకీ డైరెక్టర్లకీ ఒక అర్హత పరీక్ష ఉంది, కొన్ని రకాల శిక్షలు పడ్డవాళ్లు ఆ కుర్చీలో కూర్చోలేరు. ఆటగాళ్లకు అలాంటి పరీక్ష లేదు. కాబట్టి ఆ నిర్ణయం పూర్తిగా క్లబ్‌ది. నిర్ణయం క్లబ్‌ది అయినప్పుడు సమాధానం చెప్పాల్సింది కూడా క్లబ్బే, స్టాండ్‌లో పక్కపక్కన కూర్చున్న మీరిద్దరూ కాదు.

ఇక్కడ స్కాట్లండ్‌లో జరిగిన ఒకటి చెప్పాలి. కిర్కాల్డీ అనే ఊళ్లో రెయిత్ రోవర్స్ అని మీ క్లబ్ లాంటిదే ఒక చిన్న క్లబ్. 2022 జనవరి 31న డేవిడ్ గుడ్‌విల్లీ అనే ఆటగాణ్ని తీసుకున్నారు. అతనికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడలేదు. కానీ అతను అత్యాచారం చేశాడని 2017లో సివిల్ కోర్టు జడ్జి తేల్చి నష్టపరిహారం కట్టమన్నారు. క్లబ్ మొదట ఇది ఆటకు సంబంధించిన నిర్ణయమని సమర్థించుకుంది. జెర్సీ స్పాన్సర్‌గా ఉన్న రచయిత్రి వాల్ మెక్‌డెర్మిడ్ మర్నాడే తప్పుకున్నారు. ఆమె తండ్రి ఒకప్పుడు ఆ క్లబ్‌కే ఆటగాళ్లను వెతికిపెట్టేవాడు, అంటే అది ఆమె పుట్టింటి లాంటి క్లబ్. మహిళల జట్టు కెప్టెన్ తప్పుకుంది. డైరెక్టర్లు రాజీనామా చేశారు. మూడో రోజుకల్లా క్లబ్ తప్పు చేశామని ఒప్పుకుని, అతను తమ తరఫున ఆడడని ప్రకటించింది. మహిళల జట్టు మాత్రం వెనక్కి రాలేదు, మెక్‌డెర్మిడ్ పేరే పెట్టుకుని విడిగా ఆడింది.

బ్రెజిల్‌లో ఇంతకంటే దారుణం. ఫ్లమెంగో క్లబ్ గోల్‌కీపర్ బ్రూనో తన బిడ్డకు తల్లైన ఎలీజా సముదియోను చంపించిన కేసులో 2013లో ఇరవై రెండేళ్లకు పైగా శిక్ష పడి, 2017లో అప్పీలు తేలకముందే బయటికొచ్చాడు. ఆమె శవం కూడా దొరకలేదు. బోవా ఎస్పోర్చి అనే క్లబ్ వెంటనే సంతకం పెట్టించుకుంది. స్పాన్సర్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయినా క్లబ్ వెనక్కి తగ్గలేదు. ఒకటి రెండు నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టు అతన్ని తిరిగి జైలుకి పంపింది.

ఇంకో కేసు కూడా చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు. షెఫీల్డ్ యునైటెడ్ ఆటగాడు చెడ్ ఎవన్స్‌కు 2012లో అత్యాచారం కేసులో ఐదేళ్ల శిక్ష పడింది. 2014లో విడుదలయ్యాక క్లబ్ తమతో సాధన చేయనిస్తామంది. లక్షన్నరకు పైగా జనం వద్దని సంతకాలు పెట్టారు. ఆ ఊరి బిడ్డ, ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన జెస్సికా ఎనిస్-హిల్ పేరు అప్పట్లో స్టేడియంలో ఒక స్టాండ్‌కి ఉండేది. అతన్ని తీసుకుంటే ఆ పేరు తీసేయమని ఆమె అడిగింది, అడిగినందుకు ఆమెకూ బెదిరింపులు వచ్చాయి. క్లబ్ మాట వెనక్కి తీసుకుంది. తీరా 2016లో ఆ శిక్షను అప్పీలు కోర్టు కొట్టేసింది, మళ్లీ విచారణలో జ్యూరీ అతను నిర్దోషి అంది. కాబట్టి తీర్పులు మారవచ్చని గుర్తుంచుకోండి. కానీ అదే కేసులో ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు ఇంటర్నెట్‌లో బయటపెట్టినందుకు 2012లోనే తొమ్మిది మందితో కోర్టు డబ్బు కట్టించింది. చట్టప్రకారం ఆమె పేరు జీవితాంతం గోప్యంగా ఉండాలి. అతను తర్వాత నిర్దోషిగా తేలడం వల్ల వీళ్లు చేసింది ఒప్పైపోలేదు. అభిమానం మనుషుల చేత ఏం చేయించగలదో అందులో కనిపిస్తుంది.

మీ ఉత్తరంలో స్ట్రైకర్ గురించి రెండు పేజీలున్నాయి, క్లబ్ పట్టిక గురించి ఒక పేజీ ఉంది. దవడ విరిగిన ఆవిడ గురించి ఒక్క వాక్యం. తప్పు పట్టడం లేదు, స్టాండ్‌లో ఎవరూ ఆమె గురించి మాట్లాడుకోవడం లేదు గనక మీకూ తెలిసే దారి లేదు. ఆమె ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండి ఉంటుంది. శనివారం సాయంత్రం ఆ పాట ఆమె చెవిన కూడా పడుతుంది. మీ దేశంలోనే లాంకషైర్ పోలీసు లెక్కలు తీసుకుని పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. 2002, 2006, 2010 ప్రపంచకప్పుల్లో ఇంగ్లండ్ ఓడిన రోజు గృహహింస ఫిర్యాదులు 38 శాతం పెరిగాయి. గెలిచినా, డ్రా అయినా 26 శాతం పెరిగాయి. మ్యాచ్ అయిపోయాక కొన్ని ఇళ్లలో ఏం జరుగుతుందో ఆ స్టాండ్‌లో కూర్చున్న ఆడవాళ్లలో కొందరికి తెలుసు. వెనక్కి తిరిగి నిలబడుతున్నవాళ్లలో వాళ్లూ ఉండొచ్చు.

ఇప్పుడు ఆరో పేజీకి వస్తాను. సారాంశంలో కావాలనే రాయలేదు.

ఆరో పేజీ అడుగున మీరొక మాట రాసి, వెంటనే మళ్లీ సీజన్ టికెట్ ధరలోకి వెళ్లిపోయారు. ‘మా వదిన కూడా ఇలాంటి ఇబ్బందే పడింది లెండి. పోయిన వేసవిలో మేం ఇండియా వెళ్లినప్పుడు పెద్దమనుషుల్లో కూర్చుని సర్దుబాటు చేశాం. ఇప్పుడు బాగానే ఉన్నారు.’ అంతే. వదిన అంటే మీ ఆవిడ అక్క, మీ పాపకు పెద్దమ్మ. ముందు పేజీల్లో వేరే సందర్భంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వేసవి సెలవుల్లో మీ పాప పదిహేను రోజులు అమ్మమ్మ వాళ్లింట్లో ఉంది, పెద్దమ్మ కూడా అక్కడే ఉంది, ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. తర్వాత మీ షడ్డకుడి కొత్త ఇంటి గృహప్రవేశం అయింది. మీరు ఆయన పక్కన కూర్చుని భోంచేశారు, ఫోటోలు దిగారు.

పదమూడేళ్ల పిల్ల పెద్దమ్మ పక్కన పదిహేను రాత్రులు పడుకుంది. ఏం చూసిందో, ఏం వినిందో మీరెప్పుడైనా అడిగారా? పెద్దలు హాల్లో కూర్చుని ‘మగాడన్నాక కోపం వస్తుంది, నువ్వే సర్దుకుపోవాలమ్మా’ అంటుంటే పిల్లలు వంటింట్లో నిలబడి అన్నీ వింటారు. ఇన్నేళ్లలో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలతో చాలామందితో మాట్లాడాను. కొట్టినవాడి మీద కోపం కంటే, అతనికి ఆ రోజు ముందుగా మంచినీళ్లు ఇచ్చిందెవరు, పెద్దకుర్చీ వేసిందెవరు, అన్నదే వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. ఒకమ్మాయి నాతో అంది: ‘పిన్నిని కొట్టినవాడు బాబాయి, ఆయన ప్లేట్‌లో ముందు స్వీట్ వేసింది మా నాన్న.’ ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ స్వీటు పేరు చెప్పగలిగింది. మైసూర్‌పాక్.

మీ అమ్మాయి కారులో అడిగిన ప్రశ్న ఆ స్ట్రైకర్ గురించే అయుండొచ్చు. కానీ ఆ గృహప్రవేశం గురించి కూడా అయుండొచ్చని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఖాయంగా చెప్పలేను, నేను ఆమెతో మాట్లాడలేదు. మీరు మాట్లాడాలి. ‘ఎవరో నూరిపోశారు’ అని పెద్దాయన అన్నప్పుడు మీకు కోపం వచ్చింది కదా. ఎవరూ నూరిపోయలేదు, ఆమె చూసింది.

గమనించారో లేదో, పెద్దాయనదీ అదే కథ. ఆయన ఆ స్ట్రైకర్ కోసం కొట్లాడటం లేదు. ఉద్యోగం దొరక్క మూడేళ్లు ఇంట్లో కూర్చున్న కొడుకు కోసం కొట్లాడుతున్నారు. మీ పాప పెద్దమ్మ కోసం మౌనంగా ఉంది. మధ్యలో ఉన్న ఆటగాడు ఇద్దరికీ ఒక సాకు. ఇద్దరూ ఎవరి ఇంటి గాయం గురించి వాళ్లు మాట్లాడుతుంటే, మీరు ఫుట్‌బాల్ లెక్కలతో రాజీ చేయాలని చూస్తున్నారు. అందుకే కుదరడం లేదు.

పాపతో ఎలా మొదలుపెట్టాలంటే, నచ్చజెప్పే పని పెట్టుకోకండి. ‘గోల్‌కి కొట్టానమ్మా, ఆట వేరు మనిషి వేరు’ అని ఇంకోసారి అంటే ఆమెకు వినబడేది ‘నీకు తెలియదు’ అన్న మాటే. దానికి బదులు మీకు నిజంగా అనిపించింది చెప్పండి: ‘నువ్వడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు, అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.’ తర్వాత పెద్దమ్మ సంగతి అడగండి. ఆమె ఏమీ చెప్పకపోయినా పర్వాలేదు, మీరు అడిగారన్నది ఆమెకు తెలియాలి. చెబితే మాత్రం మధ్యలో షడ్డకుడిని వెనకేసుకు రాకండి. ‘మీ అమ్మ బాధపడుతుంది, అమ్మతో అనకు’ అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. మీ ఆవిడను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి. ‘వాడెవడో, మనమెవరం’ అని ఆమె అంటున్నది స్ట్రైకర్ గురించేనా అని నాకు అనుమానం. సొంత అక్క విషయంలో ఏమీ చేయలేకపోయానన్న బాధ ఉన్నవాళ్లు కూడా అలాగే మాట్లాడతారు.

ఇక సీజన్ టికెట్. మీకు మూడు నాలుగు దారులున్నాయి, ప్రతిదానికీ ఖర్చుంది.

రెన్యూ చేసి వెళ్తూనే ఉండొచ్చు. అలాగైతే పాప మీద ఒత్తిడి పెట్టకూడదు. ఆమె సీటుకి డబ్బు కట్టి ఖాళీగా ఉంచితే, ప్రతి శనివారం ‘నీ సీటు అక్కడే ఉంది’ అని గుర్తు చేసినట్టవుతుంది. ఆమె అడిగితేనే కట్టండి. మీరు వెళ్లినా అతను గోల్ కొట్టినప్పుడు లేవకుండా కూర్చోవచ్చు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చుట్టూ నాలుగు వేల మంది లేచినప్పుడు కూర్చునే ఉండటం చాలా కష్టం. అది మీ పాప ఇప్పటికే చేసింది.

రెండోది, ఈ ఏడాదికి మానేయడం. డబ్బు మిగులుతుంది, పాప ముఖంలో వెలుగు రావచ్చు. కానీ ఆ శనివారాల్లో మీరు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. పదకొండేళ్లుగా ఆ ఊళ్లో మీకున్న సావాసం అంతా ఆ స్టాండే. కోపంతో వదిలేసి ఇంట్లో కూర్చుంటే, మూడు నెలల తర్వాత ఆ కోపం పాప మీదికి తిరగొచ్చు: ‘నీ వల్లే మానేశాను’ అని. అలా అంటారని కాదు, అలా అనిపించే ప్రమాదం ఉందని చెబుతున్నాను. మానేస్తే అది మీ నిర్ణయంగా మానేయండి, పాప కోసం చేసిన త్యాగంగా వద్దు. మీ అమ్మాయి అదే క్లబ్ అమ్మాయిల జట్టులో ఆడుతోంది కదా, ఆ మ్యాచ్‌లకు వెళ్లవచ్చు. అవి క్లబ్‌వే, చూసేవాళ్లే తక్కువ.

మూడోది, నేను కొంచెం మొగ్గు చూపేది. క్లబ్‌ని అడగడం. ఆ రెండు సంతకాల కాగితాలూ సొరుగులోనే ఉండనివ్వండి. మీ సొంతంగా ఒక ఉత్తరం రాయండి. వద్దని గాని కావాలని గాని రాయకుండా ప్రశ్నలు రాయండి. సంతకానికి ముందు ఆ ఆటగాడితో ఏం మాట్లాడారు? గృహహింస చేసినవాళ్లు తమ నడత మార్చుకునే శిక్షణ తీసుకుంటున్నాడా? ఆ ఆవిడను సంప్రదించడానికి ప్రయత్నించొద్దని కాంట్రాక్ట్‌లో ఉందా? అమ్మాయిల జట్ల దగ్గరికి, స్కూలు కార్యక్రమాలకు అతన్ని పంపుతారా? అమ్మాయిల జట్టు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడారా? వీటికి జవాబులుంటే అది నిజంగా రెండో అవకాశం. జవాబుల్లేకపోతే క్లబ్‌కి కావలసింది గోల్స్ మాత్రమే, ‘అవకాశం’ అన్నది ముసుగు. జవాబు వచ్చాక టికెట్ విషయం తేల్చుకోవచ్చు. గడువు దాటితే కొన్ని పౌండ్లు ఎక్కువ కట్టాల్సి వస్తుందేమో, అంతే.

‘నేను బయటివాణ్ని, నోరు విప్పితే నీకెందుకు అంటారేమో’ అని రాశారు. అంటారు, కొందరు తప్పకుండా అంటారు. 2024 ఆగస్టు చూశాక ఆ భయం లేకుండా ఉండమని నేనెలా చెప్పగలను? ఒంటరిగా స్టాండ్‌లో లేచి మాట్లాడక్కర్లేదు. అమ్మాయిల జట్టులో ఇంకో నలుగురు తల్లిదండ్రులుంటారు, వాళ్లూ ఇదే ఆలోచిస్తూ ఉంటారు. ఉత్తరం మీద ఐదు సంతకాలుంటే అది ఒక వలసదారుడి ఫిర్యాదు కాదు, ఆ జట్టు ఇంటివాళ్ల మాట. పదకొండేళ్లు టికెట్ కొన్నవాడు బయటివాడు కాడు.

పెద్దాయన దగ్గరికి మీరే వెళ్లండి. మ్యాచ్ రోజు వద్దు, స్టేడియంలో అసలు వద్దు. వాళ్లింటికి వెళ్లి, ఆయన కొడుకు జైలు నుంచి వచ్చిన కొత్తలో ఇంట్లో ఎలా ఉండేదో అడగండి. ఇన్నేళ్ల స్నేహంలో మీరు ఆ సంగతి ఒక్కసారైనా పూర్తిగా విన్నారో లేదో. విన్న తర్వాత, మీకు ఇష్టమైతేనే, పెద్దమ్మ కథ ఆయనకు చెప్పండి. ‘మా పిల్లకు ఎవరూ నూరిపోయలేదు, మా ఇంట్లోనే చూసింది’ అని. ఆయన మనసు మారుతుందని నేను హామీ ఇవ్వలేను. స్ట్రైకర్ విషయంలో ఆయన అక్కడే ఉండిపోవచ్చు, మీరు ఇక్కడే ఉండిపోవచ్చు. మీ గుమ్మం ముందు మూడు రాత్రులు కూర్చున్న మనిషితో ఒక విషయంలో తేడా ఉండి కూడా టీ తాగవచ్చు. ఆయన వద్దంటే, తలుపు వేసేస్తే, అప్పుడు మీరు బాధపడతారు, కొన్నాళ్లు చాలా బాధపడతారు. ఆ బాధకు భయపడి పాపను మాత్రం మార్చబోకండి.

చివరగా వదిన. ‘ఇప్పుడు బాగానే ఉన్నారు’ అన్నది ఎవరి మాట? ఆమె చెప్పిందా, షడ్డకుడు చెప్పాడా, పెద్దమనుషులు చెప్పారా? ఆమెను ఎవరూ లేనప్పుడు అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మన దేశంలో 2005 గృహహింస చట్టం కింద క్రిమినల్ కేసు పెట్టకుండానే మేజిస్ట్రేట్ కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగవచ్చు, పుట్టింటికి పంపేస్తామన్న బెదిరింపుకి లొంగనక్కర్లేదు. జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. భార్యను హింసించే భర్త మీద, అత్తింటివాళ్ల మీద కేసు పెట్టే 498ఎ సెక్షన్ పేరు ఇప్పుడు మారింది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, ఆమె మీద ఎవరూ రుద్దకూడదు. మీరు చేయాల్సింది ఆమె ఏ దారి ఎంచుకున్నా ఖర్చుకీ, ఉండటానికీ మేమున్నాం అని చెప్పడం. ఆ మాట పోయిన వేసవిలో పెద్దమనుషుల ముందు చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పండి.

ఆమె ఒంటరిగా ఉండే వేళ ఏదో మీ ఆవిడకు తెలుసు. ఆ వేళ చూసి, ఆయన ఇంట్లో లేడని తేల్చుకున్నాకే ఫోన్ చేయమనండి. పాపకు ముందే చెప్పండి, ఆ ఫోన్ ఎందుకో. తనూ మాట్లాడతానంటే పెద్దమ్మను అడిగి ఇవ్వండి.